పొట్టి నోట పొడుగు మాటలు

ఇంట్లో అందరికీ ఆమె పొట్టి. ముగ్గురు ఆడపిల్లల్లో చివరిది కదా అని పెట్టిన ముద్దుపేరు, ఎత్తులో అక్కలిద్దరినీ దాటేశాక కూడా వదల్లేదు. బళ్ళో మాత్రం పిల్లలు "బ్రేకులు" అని పిలిచేవారు. నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయేది. నత్తి. అందులోనూ సొంత పేరు చెప్పాల్సొస్తే ఇక చూడక్కర్లేదు, మెడ నరాలు బిగుసుకుపోయి కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి.

వాళ్ళ పిన్ని మెడికల్ కాలేజీ వెనక వీధిలో టైపింగ్ సెంటర్ నడిపేది. డాక్టరీ చదివేవాళ్ళ థీసిస్‌లన్నీ ఆవిడ చేతి మీదుగానే పోయేవి. పొడుగాటి ఇంగ్లీషు మాటలంటే ఆవిడకి ప్రాణం. కొత్తది తగిలిందంటే దాని అర్థం కనుక్కునేదాకా అన్నం సహించేది కాదు.

ఒక సెలవుల్లో పిన్నికి కంటి ఆపరేషన్ అయి, ఆవిడ టైపు చెయ్యడానికి కాగితాలు చదివి వినిపించే పని పొట్టి మీద పడింది. మొదటి పేజీలోనే ఆగిపోయింది.

"ఏంటే, ఏమైంది?"

"మా... మాట చాలా పెద్దగా ఉంది పిన్నీ."

"పెద్దదైతే కరుస్తుందా? పొడుగు చూడకు, అతుకులు చూడు. ఓటో అంటే చెవి. రైనో అంటే ముక్కు. లారింగ్ అంటే గొంతు. చివర ఆలజీ అంటే వాటి చదువు. ఇంతే సంగతి!" అంటూ పిన్ని ఒక్కో ముక్కకీ బల్ల మీద వేలితో తట్టింది.

పొట్టి కూడా వేలితో తడుతూ, "ఓటోరైనోలారింగాలజీ" అనేసింది. ఎక్కడా ఆగలేదు.

పిన్ని కుర్చీలోంచి ముందుకు వంగింది.

"మళ్ళీ అను."

మళ్ళీ అంది.

"ఓసి నీ అసాధ్యం కూలా!" అంది పిన్ని.

ఇక చూడండి, ఆ సెలవులన్నీ అదే ఆట. ఫ్లోక్సినాసినైహిలిపిలిఫికేషన్ అంటే దేన్నైనా ఎందుకూ కొరగాదని తీసిపారేయడమట. "మా క్లా... క్లాసు వాళ్ళు నన్ను చేసేది అదే" అని పొట్టి పడీపడీ నవ్వింది. సెస్క్విపెడాలియన్ అంటే అడుగున్నర పొడుగున్న మాట. న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్ అంటే సన్నటి రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు. "జబ్బు కంటే ముందు దాని పేరే ఆయాసం తెప్పిస్తుంది" అనేది పిన్ని.

అలాగని నత్తి పోయిందా అంటే, పోలేదు. అంతంత మాటలు గుక్క తిప్పుకోకుండా అనే పిల్ల, కొట్టుకెళ్ళి ఉప్పు అడగలేక వేలు చూపించేది. కానీ ఒక ధీమా మాత్రం వచ్చేసింది. తన నోరు చెడిపోలేదు. దానికో పద్ధతి ఉందంతే.

డిగ్రీ అయ్యాక ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఖాళీ పడింది. హాల్లో కూర్చున్న రోగులకి ఏ టోకెను వాళ్ళు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో మైకులో చెప్పే పని.

"మైకు ఉద్యోగం నీకెందుకమ్మా? లోపల కూర్చుని రాసుకునే పని ఏదైనా చూద్దాం" అన్నాడు నాన్న, బాధపడుతుందేమోనని మెల్లిగా.

"వె... వెళ్ళొస్తాను నాన్నా" అంది పొట్టి.

ఇంటర్వ్యూలో సూపరింటెండెంటు గారు, ఆఫీసు మేనేజరు కూర్చున్నారు. "మీ పేరు?" అన్నారు సూపరింటెండెంటు మేడమ్.

ఇంకేముంది, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. మేనేజరు జాలిపడి పెన్ను ముందుకు జరిపాడు. "పర్లేదమ్మా, రాసివ్వండి."

పొట్టి పెన్ను ముట్టుకోలేదు. ఎదురుగోడ మీద విభాగాల బోర్డు ఉంది. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని, మోకాలి మీద వేలితో తడుతూ పైనుంచి కిందికి చదివేసింది. ఓటోరైనోలారింగాలజీ, గ్యాస్ట్రోఎంటరాలజీ, ఆఫ్తాల్మాలజీ... ఒక్క ముక్క కూడా తడబడలేదు.

"నా... నాకు నత్తి ఉందండి. పేరు దగ్గర తప్పకుండా ఆగుతాను. కానీ మైకులో నా పేరు ఎవరడుగుతారండీ?"

సూపరింటెండెంటు గారు ఫక్కున నవ్వారు. మేనేజరు నవ్వలేదు. "నవ్వులాట కాదు మేడమ్, అవసరంలో మాట ఆగిపోతే?"

"ఆ... ఆగితే మళ్ళీ మొదలుపెడతానండి. ఇప్పుడే పరీక్ష పెట్టండి."

అలాగే మైకు గదికి తీసుకెళ్ళారు. అద్దంలోంచి చూస్తే హాలు నిండా జనం. పొట్టి బల్ల మీదున్న టోకెను చీటీల్లో మొదటిది తీసుకుని బటన్ నొక్కింది. "టో..." అని ఆగింది. జనం తలలెత్తారు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. పొట్టి ఊపిరి వదిలి, వేలితో బల్ల తట్టి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి టోకెను, అంతస్తు, విభాగం వరసగా, స్పష్టంగా వచ్చాయి.

ఎవరూ లేవలేదు. "ఓటోరైనో..." అని విని ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. వాళ్ళకేం తెలుస్తుంది పాపం!

పొట్టి మళ్ళీ బటన్ నొక్కింది. "అంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారు. రెండో అంతస్తు. చెవినొప్పి వాళ్ళు కూడా అక్కడికే."

చెవికి గుడ్డ అడ్డం పెట్టుకున్న ముసలావిడ లేచింది. వెనకే ఇంకో ఇద్దరు లేచారు.

"అలా చెప్పమని మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు మేనేజరు.

"ఎవరూ చెప్పలేదండి. నేనే చెప్పాను."

ఆయన హాల్లోకి చూశాడు. ముసలావిడ ఎవర్నీ దారి అడక్కుండానే మెట్ల వైపు వెళ్తోంది. "సోమవారం పొద్దున్నే రండి" అన్నాడు.

"సోమవారం దాకా ఎందుకండీ? ఇంకా బోలెడు మంది కూర్చున్నారు" అంటూ పొట్టి కుర్చీ ముందుకు లాక్కుని, తర్వాతి చీటీ అందుకుంది.