బస్సు వచ్చే శనివారం

ఆ పొద్దున ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మా లోయలో రెండు ఎర్ర కొండల మధ్య కనిపించినంతే ఆకాశం. ఆ కాస్తా ముందు బూడిదరంగులో ఉంది. తర్వాత పడమటి కొండ నెత్తిన పసుపు గీత పడి, నెమ్మదిగా కిందికి దిగుతూ వచ్చింది. అది మా మొల్లె చెట్ల తలలకి తగిలేసరికి నేను నిచ్చెన మీద ఉన్నాను. ఆగస్టు చివరి ఆదివారం. ద్రాక్ష కత్తిరింపు ఇంకా పదకొండు చెట్లకి మిగిలుంది.

మా తోటలో ద్రాక్షకి పందిరి వెయ్యం. మొల్లె చెట్టే పందిరి. తీగ చెట్టు మొదట్లో లేచి, మాను పట్టుకుని పాకి, కొమ్మకొమ్మకీ పరుచుకుంటుంది. కత్తిరించాలన్నా, గుత్తి కొయ్యాలన్నా నిచ్చెన ఎక్కాల్సిందే. ఉత్తరపు మూల తీగ మా ముత్తాత నాటిందంటారు. దాని మొదలు నా నడుమంత ఉంది. ఇప్పటికీ ఒక్క ఏడాది కాపు తప్పలేదు.

"నాన్నా, దిగు. రాసింది చదువుతా, విను" అంది నికొలాసా కింద నుంచి.

"పైకి వినిపిస్తుందిలే."

"నీకు వినిపిస్తుంది. నాకు మెడ పట్టేస్తుంది."

దిగాను.

నికొలాసా నా ఒక్కగానొక్క కూతురు. పొటోసిలో, యాత్రలకి బస్సులు నడిపే ఆఫీసులో నాలుగేళ్ళుగా టికెట్లు రాస్తోంది. ఈసారి యజమానురాలు దాన్ని పిలిచి, ఒక రోజు యాత్ర నువ్వే తయారు చెయ్యమంది. రిటైరైన పంతుళ్ళు, పంతులమ్మలు నలభైమంది. తెల్లారి బయల్దేరి, మా కమార్గో పట్టణం, పాత వైను ఇళ్ళు, తోటలు చూసి రాత్రికి ఇల్లు చేరాలి. బాగా జరిగితే ద్రాక్ష కోతల దాకా నెలకో బస్సు ఇటే వస్తుంది. జరక్కపోతే బస్సులు వేరే లోయకి పోతాయి, మా పిల్ల మళ్ళీ టికెట్ల బల్ల దగ్గరికి పోతుంది. ఈ సంగతి అది నాకు చెప్పలేదు. వాళ్ళమ్మకి చెప్పింది.

చెట్టు కింద చాపేసి కూర్చుని చదివింది. వాళ్ళమ్మ ఫోర్తునాతా పక్కనే మొక్కజొన్న కండెలు ఒలుస్తోంది.

"అయిదింటికి పొటోసిలో బయల్దేరటం. తొమ్మిదింటికి కమార్గో. దిగ్గానే చర్చి."

"చర్చి తర్వాత" అన్నాను. "నాలుగు గంటలు కుదుపులు తిన్న ముసలాళ్ళు. ముందు మరుగుదొడ్డి చూపించు. దేవుడు ఎటూ పోడు."

రాసుకుంది. "పదింటికి మెయిన్ వీధిలో పాత వైను ఇల్లు. తొక్కుడు తొట్లు, జాడీలు."

"దాని తలుపు పొట్టిది. తల వంచమని ముందే చెప్పు. పంతుళ్ళకి తల వంచే అలవాటుండదు."

ఫోర్తునాతా నవ్వింది. "నీకు మాత్రం ఉన్నట్టు."

"పన్నెండింటికి ఓర్తున్యోల మొల్లె తోట, చెట్లెక్కిన ద్రాక్ష. అక్కడే భోజనం" అని చదివింది నికొలాసా.

"మళ్ళీ చదువు."

"ఏం, తప్పు పోయిందా?"

"లేదు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. నేను లేచి నిచ్చెన కాళ్ళు నేలలో సరిగ్గా దిగాయో లేదో చూసి వచ్చాను. మా ఇంటిపేరు అచ్చులో ఎప్పుడూ పడలేదు. మా నాన్న కోసిన ద్రాక్ష వేరేవాళ్ళ పేరున సీసాలకెక్కింది. నా ద్రాక్షా అంతే.

"రెండింటికి మావయ్య తోట" అంది నికొలాసా, కాగితం మీంచి తల ఎత్తకుండా.

"అది కొట్టెయ్."

"నాన్నా..."

"కంబీలు చూడ్డానికి పొటోసి నుంచి ఎవరూ రారు."

ఫోర్తునాతా చేతిలో కండె ఆగింది. మళ్ళీ కదిలింది. నికొలాసా గీత పెట్టి కొట్టేసింది.

సెనోబియో ఫోర్తునాతాకి అన్న, నాకు బావ. కాలువ కింద మా తోట తర్వాతి తోట అతనిదే; దానికి వేరే పిల్లకాలువ ఉంది, రోడ్డు వైపు నుంచి దారీ ఉంది. ఏడేళ్ళ కింద నిచ్చెన మీంచి పడి తుంటి విరిగింది. నడక వచ్చింది గానీ కుంటు ఉండిపోయింది. రెండేళ్ళకి తన మొల్లె చెట్లన్నీ నరికించి, సిమెంటు గుంజలు పాతి, నడుమెత్తున కంబీలు లాగి, ద్రాక్షని వాటి మీదికి మళ్ళించాడు. ఆ ఏడు కాలువ మీటింగులో, అందరి ముందూ నేనో మాటన్నాను: "చెట్టెక్కలేనివాడు చెట్టు నరికాడు." అందరూ నవ్వారు. సెనోబియో టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి మాకు మాటల్లేవు. అయిదేళ్ళు.

"ఏ శనివారం వస్తున్నారు?" అంది ఫోర్తునాతా, మాట మార్చడానికి.

"వచ్చే నెల తొమ్మిది."

నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. ఇంకోసారి చూసుకున్నాను.

"తొమ్మిది మన నీళ్ళ వంతు" అన్నాను.

"కాదు నాన్నా. కాలువ పూడిక తీసిన పద్దెనిమిదో నాడు మన వంతు. శాన్ రోకె పండుగ నాడు తీస్తారు, పదహారున. పద్దెనిమిది కలిపితే మూడో తేదీ. చూసుకునే పెట్టాను."

"ఈ ఏడు తలతూము మీద కొండరాళ్ళు పడ్డాయి. ఆరు రోజులు ఆలస్యంగా తీశాం."

దాని మొహం తెల్లబోయింది. "ఫోనులో చెప్పలేదే!"

"మీ నాన్న ఫోనులో ఏం చెప్తాడే?" అంది ఫోర్తునాతా. "బావున్నాం. చలిగా ఉంది. పెట్టేస్తున్నా. నాలుగో మాటకి ఆయనకి ఆయాసం."

నవ్వు రాలేదు ఎవరికీ. తప్పు పిల్లది కాదు. ఊళ్ళో ఉన్నవాడు చెప్పాల్సిన మాట అది, నేను చెప్పలేదు.

మా తోటలోకి దారంటూ వేరే లేదు, పెద్దకాలువ నుంచి మాకు చీలే పిల్లకాలువే దారి. నీళ్ళు లేనప్పుడు అందులోనే నడుస్తాం. వంతు నాడు మోకాలెత్తు పారుతుంది. రెండు పక్కలా రాతిగోడ, దాని మీద ముళ్ళు. నలభైమంది పంతుళ్ళు ఎగిరి రాలేరు. పోనీ ఈ వంతు వదులుకుందామంటే, అప్పటికి తీగ కళ్ళు విప్పుతుంటుంది. కత్తిరించిన తీగ మొదటి తడి కోసమే ఆగి ఉంటుంది. ఆ తడి పోతే మళ్ళీ వంతు ఇరవై రోజులకి. అప్పటికి చిగురు మాడిపోతుంది.

"తేదీ మార్చు" అంది వాళ్ళమ్మ.

"పంతుళ్ళ సంఘం అచ్చేయించి పంచింది. బస్సు ఖాయం చేశారు." నికొలాసా కాగితం మడిచింది. మళ్ళీ మడిచింది. "పట్టణంలోనే తిప్పి పంపించేస్తా. అంతే."

"అంతేనా?" అన్నాను.

"వైను సీసా పొటోసిలోనూ దొరుకుతుంది నాన్నా. చెట్టెక్కిన ద్రాక్ష దొరకదు. అది లేకపోతే యజమానురాలు ఒకటే అడుగుతుంది, ఇంత దూరం ఎందుకని. నా దగ్గర జవాబు లేదు."

ఏడవలేదు. ఏడిస్తే బావుండేది. కాగితం ఎనిమిది మడతలు చేసి జేబులో పెట్టుకుంది.

వంతులు మార్చుకోవచ్చు. గురువారం వంతు దొరికితే రెండు రోజుల్లో దారి ఆరిపోతుంది. గురువారం ఎవరిదో ముగ్గురికీ తెలుసు.

"నే వెళ్ళి అడుగుతా" అంది నికొలాసా చివరికి. "మావయ్య నన్ను కాదనడు."

"నీ పేరున వంతు లేదు."

మా కాలువ కింద అది కట్టుబాటు. వంతు ఉన్నవాడే తూము దగ్గరికి వెళ్ళాలి. నీళ్ళు పంచే నీరటి ఎదురుగా, పొద్దు ఉండగా, నోటితో అడగాలి. పెళ్ళాన్నో పిల్లల్నో పంపితే చెల్లదు. ఇచ్చేవాడు డబ్బు అడక్కూడదు. ఇంకేదైనా అడగొచ్చు.

నేను నిచ్చెన ఎక్కి ఒక చెట్టు పూర్తి చేశాను. రెండో చెట్టు సగంలో, పొద్దు వాలుతుండగా దిగాను. ఎక్కడ కోస్తున్నానో చూడకుండా కోస్తున్నాను. అలా కోస్తే తీగకి నష్టం. లోపలికి వెళ్ళి పార తీసుకున్నాను, సారా సీసా తీసుకున్నాను. గ్లాసు ఫోర్తునాతా తెచ్చి ఇచ్చింది.

తూము దగ్గర నీరటి ఇలారియోన్ రాయి మీద కూర్చుని, బుగ్గన కోకా ఆకు పెట్టుకుని నములుతున్నాడు. ఆదివారం సాయంత్రం అక్కడే ఉంటాడు. సెనోబియో కూడా ఉన్నాడు. కాలు చాపుకుని తూము పలకకి జనపనార కుక్కుతున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు.

"ఎవరో వచ్చారు" అన్నాడు ఇలారియోన్.

"గాలి" అన్నాడు సెనోబియో.

సీసా మూత తీసి మూడు చుక్కలు నేలతల్లికి పోశాను. గ్లాసు నింపి చాపాను.

"ఎవరికి?" అన్నాడు, నీరటిని చూస్తూ.

"నీకే బావా."

"చేతులు ఖాళీగా లేవు. చెవులు ఖాళీగానే ఉన్నాయి. అడుగు."

"నీ గురువారం నాకివ్వు. నా శనివారం నువ్వు తీసుకో."

"ఎందుకు?"

"బస్సు వస్తోంది."

"బస్సు రోజూ వస్తుంది."

"నికొలాసా బస్సు. అదే తయారు చేసిన యాత్ర. నలభైమంది పంతుళ్ళు."

జనపనార పట్టుకున్న చెయ్యి ఆగింది. "మొత్తం బస్సు మన పిల్లదేనా?"

"మొత్తం."

"ఇలారియోన్, విన్నావా? మూడో తరగతిలో దీనికి చదువు రాదన్నాడే ఆ పంతులు! వాడు కూడా వస్తున్నాడేమో అడుగు." నవ్వబోయి, నేనున్నానని గుర్తొచ్చి మానుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఆ కాగితంలో నా తోట ఉందా?"

ఇలారియోన్ నమలడం ఆపాడు. పిల్ల మర్చిపోయిందనొచ్చు. చోటు చాల్లేదనొచ్చు.

"పిల్ల రాసింది. నేను కొట్టించాను."

"కంబీలనా?"

"కంబీలని."

చేతులు దులుపుకున్నాడు. లేవడానికి పార కర్ర పట్టుకున్నాడు. నేను చెయ్యి ఇవ్వలేదు, ఇస్తే తీసుకోడు. నిలబడ్డాక నా మొహంలోకి చూశాడు. అయిదేళ్ళలో జుట్టు బాగా తెల్లబడింది.

"గురువారం నీది. శనివారం నీళ్ళు నా తోటలో పారుతుంటాయి. ద్రాక్ష నీళ్ళు ఎలా తాగుతుందో పంతుళ్ళు నా దగ్గర చూస్తారు. అది రాయించు."

"రాయిస్తా."

"పేరు నేను చెప్పినట్టు పడాలి."

"చెప్పు."

"చెట్టెక్కలేనివాడి తోట."

ఇలారియోన్‌కి ఆకు గొంతుకి అడ్డుపడి దగ్గాడు.

"బావా, ఆ మాట..."

"నీ మాటే. అయిదేళ్ళు మోశాను. మొదట్లో బరువనిపించింది. ఇప్పుడు అలవాటైంది. నా తోటలో మా ఆవిడ నిలబడి కోస్తుంది. నలుగురు ముసలమ్మలు పాడుకుంటూ కోస్తారు. నేను కుంటివాణ్ణి, నేనూ కోస్తాను. నా తోటలో పడేవాడు లేడు. నీ తోట అందమైందే, కాదన్నానా? నీ తర్వాత ఎవరెక్కుతారు?"

ఆ పొద్దున నిచ్చెన మీద నా మోకాలు రెండుసార్లు వణికింది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

"సెనోబియో తోట అని రాయిస్తా. ఆ పేరు వద్దు" అన్నాను.

"ఆ పేరే కావాలి. పంతుళ్ళు ఊరుకుంటారా? ఎందుకీ పేరని అడుగుతారు. నేను చెప్తాను. చెప్పేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడాలి. అంతే నేనడిగేది."

కాలువ అడుగున ఎండిన మట్టి బీటలిచ్చి ఉంది. దాని వైపు చూస్తూ నిలబడ్డాను. నా తోట పేరు అచ్చులో పడబోతోంది. దాని కిందే నా నోటి మాట కూడా పడబోతోంది. మనిషి తన పొగరుని నలభైమంది పంతుళ్ళ ముందు మోసుకుంటూ నిలబడాలి. పిల్ల జేబులో ఎనిమిది మడతల కాగితం గుర్తొచ్చింది.

"నిలబడతాను" అన్నాను. "ఆ రోజు అన్నది తప్పు. అదీ చెప్పు."

"అది నువ్వే చెప్పుకో. నేను నీ పాలేరునా?" అని గ్లాసు అందుకున్నాడు. నేలకి చుక్క వదిలి, సగం తాగి, మిగతా సగం నాకిచ్చాడు.

ఇలారియోన్ వంతుల లెక్కకి ఉంచుకున్న తన కర్ర మీద రెండు గాట్లు మార్చి చెక్కాడు.

ఇద్దరం కాలువలోంచే ఇంటికి నడిచాం. అతని నడకకి తగ్గట్టు నేను అడుగు చిన్నది చేశాను. గుమ్మంలో ఫోర్తునాతా అన్నని చూసి చేతులు పావడాకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. నికొలాసా లేచి నిలబడింది.

"మావయ్యా!"

"కాగితం తియ్యవే. రాసుకో." పేరు చెప్పాడు. నికొలాసా నా వైపు చూసింది. తల ఊపాను. మడతలు విప్పి, కొట్టేసిన గీత పక్కన రాసింది. దాని అక్షరం మా ఊరి గుమాస్తా అక్షరం కన్నా బావుంటుంది. రాసింది రాసినట్టు మొత్తం మళ్ళీ చదివింది, మరుగుదొడ్డి నుంచి మావయ్య తోట దాకా. ఎక్కడా తడబడలేదు. ఒక ఊరినీ, ఒక రోజునీ ఒక కాగితంలో పట్టించింది. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చెయ్యని పని. సెనోబియో నన్ను చూశాడు, నేను అతన్ని చూశాను. ఆ చూపులో మాత్రం మా ఇద్దరికీ తేడా లేదు.

ఫోర్తునాతా బల్ల మీద మొక్కజొన్న జావ పెట్టింది, పొట్టుతో ఉడికిన దుంపలు, మేకపాల జున్ను, రోట్లో నూరిన పచ్చిమిరప కారం. నలుగురం కూర్చున్నాం. సెనోబియో కాలు చాపుకోడానికి నికొలాసా తన పీట జరిపింది. ఫోర్తునాతా పెద్ద దుంప తీసి అన్న పళ్ళెంలో పెట్టింది. అతను దాన్ని విరిచి సగం నా పళ్ళెంలో వేశాడు. నేను కారం గిన్నె అటు తోశాను. తిన్నాం.