టెయిల్ ల్యాంపున్న ఇంజను

పెరంబూరులో వెంకటపతి ఇంటి వంటింట్లోంచి రోజూ ఉదయం ఏడు నలభైకి ఒక లోకల్ రైలు పోతుంది. ఏడున్నర దాటగానే ఆయన భార్య గోవిందమ్మ దోసెల పెనం దించి, నీళ్ళ బిందె పక్కకు జరిపి, గట్టు మీది కాఫీ లోటాలు దొర్లిపోకుండా రెండు చేతులా పట్టుకుంటుంది. రైలు పొయ్యి వైపు గోడలోంచి వచ్చి దేవుడి గూడు వైపు గోడలోంచి వెళ్ళిపోతుంది. తొమ్మిది పెట్టెలు. గూట్లో దీపం కాస్త ఊగి నిలబడుతుంది. పెనం మళ్ళీ పొయ్యెక్కుతుంది. సాయంత్రం ఆరుంబావుకు అదే రైలు తిరిగి వస్తుంది.

ఆ రైలుకు కడపటి స్టేషను తొండియార్‌పేటలో గోవిందమ్మ చెల్లెలు వాసవాంబ వంటిల్లు. ఆమెది హౌసింగ్ బోర్డు ఇల్లు, మూడో అంతస్తు. దిగినవాళ్ళు నేల మాసిపోకుండా చెప్పులు చేతబట్టుకుని, "వస్తామమ్మా" అని మెట్లు దిగి హార్బరు పనులకు పోతారు. ఆడ ఆగే రైలు ఈడ ఎందుకాగదని గోవిందమ్మ కాపురానికొచ్చిన కొత్తలో అడిగింది. వెంకటపతి ముప్ఫైమూడేళ్ళు గూడ్సు గార్డుగా చేసిన మనిషి. "టైంటేబుల్లో లేదు" అన్నాడు. ఇంక ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని నాలుగేళ్ళయింది. గోవిందమ్మకు మోకాళ్ళు పోయాయి, వాసవాంబను ఆయాసం మెట్లు దిగనివ్వదు. ఆటో అయితే మెట్ల దగ్గర దించుతుంది, ఎక్కేదెవరు? ఒకసారి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. మొదటి మలుపులో కుర్చీ తిరగలేదు. ముందుకూ పోక వెనక్కూ రాక అరగంటసేపు ఆమె గాల్లో కూర్చుని ఆ నలుగురినీ వరసబెట్టి తిట్టింది. తర్వాత కుర్చీ మాటెత్తనివ్వలేదు. అప్పట్నుంచీ పోయే రైలు కిటికీలోకి డబ్బా అందించడమే. పప్పుపొడి, చింతకాయ పచ్చడి, ఏదో ఒకటి. ఎవరో ఒకరు చేరుస్తారు. సాయంత్రానికి ఖాళీ డబ్బా తిరిగొస్తుంది.

ఇప్పుడు మూడు వారాలుగా ఒక్క డబ్బా కూడా తిరిగి రాలేదు.

వెంకటపతి పోయి చూశాడు. పంపిన డబ్బాలన్నీ మూత తీయకుండా మంచం కింద వరసగా ఉన్నాయి. వాసవాంబకు పట్టుకున్న జ్వరమైతే తగ్గింది గానీ ముద్ద దిగడం లేదు. మందులకు కొదవ లేదని, ఆకలి మాత్రం తన దగ్గర లేదని డాక్టరు చేతులెత్తేశాడు.

"మా ఇంటికి పోదాం రామ్మా. నలుగురం ఎత్తుకుని దించుతాం."

"నన్ను నలుగురు మోసే రోజు ఎట్లాగూ దగ్గర్లోనే ఉండాది. అంతదాకా మొయ్యొద్దు బావా" అని ఆమె గోడవైపు తిరిగింది. "రైలెక్కిస్తే ఎక్కుతా. మీ ఇంట్లో దిగేదెట్లా? అక్క వస్తే తింటా."

ఇంటికొచ్చి ఆయన ఆ మాట గోవిందమ్మకు చెప్పాడు. మర్నాడు ఆమె డబ్బాలో రెండు రకాల పొడులు పెట్టింది.

ఆ ఆదివారం మనవడు రాజాకు ఐదో పుట్టినరోజు. మనవరాలు మధుమితకు మూడేళ్ళు. ఇద్దరికీ కలిపి బ్యాటరీతో నడిచే ఇంజను కొనిస్తానని మాటిచ్చాడు గనుక వెంకటపతి వాళ్ళను టి. నగర్ తీసుకుపోయాడు. పాండీ బజారు బొమ్మల కొట్లో లూర్దుమేరి అనే అమ్మాయి ఒక ఇంజను తీసి నేల మీద వదిలింది. అది పాట పాడుతూ, రంగు లైట్లు వెలిగించుకుంటూ పోయి గోడను గుద్దుకుని వెనక్కి తిరిగింది.

"చూడండి సార్, గోడకు తగిలితే అదే తిరుక్కుంటుంది."

"గోడను గుద్దుకునేది ఇంజనా? అది యాక్సిడెంటమ్మా."

"తాతా, ఎనక్కు ఇదే వేణుం!" అని రాజా అరవంలో అదే కావాలన్నాడు.

రెండోదాని పొగగొట్టం ఊడి వచ్చింది. వచ్చిన మరుక్షణం మధుమిత నోట్లో ఉంది. వెంకటపతి వేలుపెట్టి బయటికి లాగాడు. మూడోదాని బ్యాటరీ మూత గోటితో తీస్తే వచ్చేసింది. నాలుగోదాని అంచులు చెయ్యి గీరుకునేట్టున్నాయి.

"మరి మీకెట్లాంటిది కావాల సార్?" అంది లూర్దుమేరి, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"నిదానంగా పోవాల. మూతకు స్క్రూ ఉండాల. చిన్నపిల్ల ఒక వేలితో ఆపగలగాల. వెనకాల ఎర్రదీపం ఉండాల."

"వెనక దీపం ఎవురు సార్ చూస్తారు?"

"వెనకొచ్చేవాడు."

ఈ ఎర్రదీపం గురించి ఒక మాట చెప్పాలి. బండి కడపట టెయిల్ ల్యాంపు కనబడితేనే అది పూర్తి బండి. అది దాటిపోయిందని చూసుకున్నాకే వెనక బండిని వదులుతారు, ఎందుకంటే రెండు స్టేషన్ల నడుమ ఒక సెక్షన్లో ఒక బండే ఉండాలి. గూడూరు దగ్గర ఒక వానలో ఆ దీపం ఆరిపోతే వెంకటపతి చేతిలాంతరు పట్టుకుని ఐదు గంటలు కడపటి బ్రేకు పెట్టె వెనక గుమ్మంలో నిలబడ్డాడు. వారం రోజులు ఆ చెయ్యి కిందికి దిగలేదు, అన్నం గోవిందమ్మే తినిపించింది. సరే, కొట్టు సంగతికి వద్దాం.

లూర్దుమేరి నిచ్చెనెక్కి అటక మీదనుంచి ఒక దుమ్ముపట్టిన అట్టపెట్టె దించింది. మొండిగా, బరువుగా ఉన్న ఆకుపచ్చ ఇంజను. పాట లేదు. వెనకాల గురిగింజంత ఎర్రదీపం. "దీన్ని ఎవురూ అడగరు సార్, ఆమె కంటే మెల్లగా పోతుంది" అంది మధుమితను చూపించి. వెంకటపతి అదే తీసుకున్నాడు. రాజా ఇల్లు చేరేదాకా తాతతో మాట్లాడలేదు, చేరాక ఇంజను వదల్లేదు.

సోమవారం ఉదయం పిల్లలు వంటింట్లో ఆడుతూ ఆడుతూ ఇంజనును నేల మధ్యనే వదిలేసి పళ్ళు తోముకోవడానికి పోయారు. అంతకుముందు బొంగరాలూ, కీలు తిప్పే కార్లూ ఆ దారిలో ఎన్నో పడి ఉండేవి. రైలు వాటిని లెక్కచేసింది లేదు. ఏడు నలభైకి పొయ్యి వైపు గోడలోంచి ముఖం చూపించిన రైలు ఈసారి కీచుమని, బొమ్మకు జానెడు దూరంలో ఆగిపోయింది. డ్రైవరు మారిముత్తు తల బయటికి పెట్టాడు.

"లైన్ మీద బండి ఉండాది సార్."

"అది పిల్లకాయలదబ్బా."

"టెయిల్ ల్యాంపు వెలుగుతా ఉండాదే. రూలు మీకు తెలీందా? నేనెట్లా పోయేది?"

వెంకటపతి బొమ్మను తీసెయ్యడానికి వంగాడు. వంగినవాడు అట్లాగే ఆగాడు. ముప్ఫైమూడేళ్ళ సర్వీసులో ఆయన తన కోసమని ఏ బండినీ ఒక్క నిమిషం నిలిపింది లేదు. గోవిందమ్మ లోటాలు పట్టుకుని నిలబడి ఉంది. పెట్టె తలుపు సరిగ్గా ఆమె ఎదుట ఉంది. దాని గడప వంటింటి నేలకు సమంగా ఉంది, ఎక్కడానికి మెట్టు కూడా లేదు.

"ఏమే, ఎక్కు" అన్నాడాయన, బొమ్మ ముట్టుకోకుండానే.

"పిండి పులిసిపోతుందయ్యా."

"దోసెలు నేను పోస్తా. ఎక్కు."

లోపల్నుంచి ఇద్దరు ఆడవాళ్ళు చేతులందించారు. ఎవరో కిటికీ పక్క చోటిచ్చారు. ఆమె కూర్చుని కొంగు సర్దుకున్నాక వెంకటపతి బొమ్మను ఎత్తి చంకన పెట్టుకుని, "సెక్షన్ క్లియర్" అన్నాడు.

ఆరోజు దోసెలు ఒక్కటీ పెనం మీదనుంచి ఊడి రాలేదు. పిల్లలు ముక్కలే తిన్నారు.

సాయంత్రం ఆరు కొట్టకముందే ఆయన కొత్త బ్యాటరీలు వేసి, దీపం వెలిగించి, ఇంజనును నేల మధ్య పెట్టి పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. ఆరుంబావుకు రైలొచ్చింది. ఆగింది. ముందు గోవిందమ్మ దిగింది. ఆమె భుజం పట్టుకుని, ఊచలాగా అయిపోయిన వాసవాంబ దిగింది.

గోవిందమ్మ చెల్లెల్ని గోడకానించి కూర్చోబెట్టి, చారు వేడిచేసి, అన్నం మెత్తగా పిసికి ముద్ద కలిపి నోటికందించింది. వాసవాంబ చాలాసేపు నమిలింది. వెంకటపతి చూస్తూ ఉండిపోయాడు.

"ఉప్పు తక్కువ" అంది వాసవాంబ.

"నాలుగేళ్ళకొచ్చి వంకలు పెడతా ఉండావా? మింగు ముందు."

మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.

అప్పుడు గుర్తొచ్చింది వెంకటపతికి, లైను ఇంకా క్లియర్ చెయ్యలేదని. తల తిప్పి చూశాడు. మారిముత్తు హారను కొట్టలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, గిన్నెలో అన్నం ఇంకా ఎంతుందో చూస్తున్నాడు.