సోమవారం అన్నం

నర్సింగు కోర్సులో చేరిననాడు పహువా చేతిలో ఉన్నవి మూడే: నిమ్మగడ్డీ కాకరకాయలూ అమ్మి కూడబెట్టిన ఆరువందల ఇరవై డాలర్లు, రెండు లక్షల మైళ్లు తిరిగిన కారు, రెండేళ్లు ఎదురుచూస్తే దొరికిన సీటు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో శనివారం సంతలో పద్నాలుగేళ్లుగా కూరగాయల బల్ల వేసే మనిషి కాబట్టి, ఏది ఎంతకు పడిందో ఆమెకు నోటికే ఉంటుంది. కాలేజీ ఫీజు పేదవాళ్లకు మాఫీ. మాఫీ కానివే బోలెడు: యూనిఫాం, బూట్లు, స్టెతస్కోపు, టీకాలు, ఆసుపత్రికి పోయిరావడానికి పెట్రోలు. ఆరువందల ఇరవై మొదటి నెల దాటలేదు. చేరింది ముప్పైమంది. ఆఖరి సెమిస్టరుకు మిగిలింది పంతొమ్మిది మంది. పోయిన పదకొండుమందిలో చదువు రాక పోయినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు కారు చెడిపోయో, పిల్లకు జ్వరమొచ్చో, మొగుడికి షిఫ్టు మారో పోయారు. పన్నెండో మనిషి తనే అవుతుందని పహువాకు రోజూ పొద్దున్నే అనిపించేది.

ఆసుపత్రి డ్యూటీ సెమిస్టరుకు ఒక్కసారి తప్పవచ్చు. రెండోసారి తప్పితే బయటికే. ఆ ఒక్కటీ ఫిబ్రవరిలో అత్తగారి కంటి ఆపరేషనుకు ఖర్చయిపోయింది. "నేను మానితే జీతం కోస్తారు. నీదేముంది, చదువేగా," అన్నాడు ఆమె భర్త నెంగ్.

మార్చిలో నెంగ్ పెదనాన్న పోయాడు. లావోస్ కొండల నుంచి వచ్చిన తమ హ్మాంగ్ వాళ్ల చావులకు నాలుగు రోజులు హాలు కావాలి. ఊళ్లో అలాంటి హాళ్లు తక్కువ, శవాలు కూడా వరసలో ఉండాల్సిందే. మూడు వారాల తర్వాత దొరికింది: శుక్రవారం మొదలు, సోమవారం ఖననం. ఇంటికి పెద్దకోడలు కనక నాలుగు రోజులూ వెదురు గంపల్లో ఆవిరి మీద వండే జిగురన్నం పని పహువాదే. సోమవారం పొద్దున్న ఆరూ ముప్పావుకు ఆమె వార్డులో ఉండాలి.

టీచరమ్మను సెలవడిగింది. ఆవిడ జాలిగానే చూసి, ఎవరు పోతే సెలవిస్తారో గడులు గీసిన కాగితం ముందుకు తోసింది. భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు. పెదమామకు గడి లేదు.

ఆ మూడు వారాలూ ఇంట్లో నోరు విప్పలేదు. విప్పితే ఏమంటారో తెలుసు: అయితే మానెయ్. అంతకన్నా పెద్ద భయం ఇంకోటి ఉంది. చావింటి చాకిరీ బదులు. ఈ ఇంటి చావులో నువ్వు కడిగిన గిన్నెలకు బదులుగా రేపు నీ పుట్టింటి చావులో వాళ్లు వచ్చి కడుగుతారు. పెళ్లయిన పదహారేళ్లుగా ఆమె కడిగినవన్నీ అలా జమపడి ఉన్నాయి. అవతల తండ్రి ఊపిరితిత్తులు పాడై మంచం మీద ఉన్నాడు. సోమవారం ఆసుపత్రికి వెళితే ఆ జమంతా పోతుంది. నిద్రలో ఆమెకు తండ్రి చావు హాలు కనిపించేది. ఖాళీ వంటగది, చల్లారిన పొయ్యిలు, తనొక్కతే.

ఆదివారం మధ్యాహ్నం హాలు వంటగదిలో తోటికోడలు మైసీ మొదలుపెట్టింది. "చూడండే, నర్సమ్మగారు బియ్యం కడుగుతున్నారు! గ్లౌజులు వేసుకో అక్కా, మా రోగాలేవన్నా అంటుకుంటాయి."

అందరూ నవ్వారు. పహువా కూడా నవ్వింది.

"రేపటికెన్ని గంపలు నానబెడుతున్నావే?" అంది అత్తగారు.

"నాలుగు, అత్తయ్యా." అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. "నానబెట్టేది నేనే. వండేది మాత్రం నేను కాదు. రేపు నాకు ఆసుపత్రి ఉంది. వెళ్లకపోతే తీసేస్తారు."

హాల్లోంచి డప్పు ఒక్కటే వినబడింది. ఎవరో పరుగెత్తి నెంగ్‌ను పిలిచారు. మాంసం కొడుతున్నవాడు కత్తితోనే వచ్చాడు.

"ఒక్క రోజు! మా పెదనాన్న చచ్చిపోయాడని చెప్పుకోలేవా?"

"చెప్పాను. ఒప్పుకోలేదు."

"అయితే నా పరువేం కావాలి?"

దానికీ గడి లేదనుకుంది మనసులో. పైకి మాత్రం, "బియ్యం నాని ఉంటాయి. గంపల్లోకి ఎత్తి నలభై నిమిషాలు ఆవిరి పట్టు. మధ్యలో ఒకసారి తిరగెయ్యి," అంది.

"నేనా? అన్నమా?"

మైసీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు నవ్వలేదు. దగ్గరికొచ్చి మెల్లిగా అంది: "మీ నాన్న మంచం మీదున్నాడు. రేపు ఆయనకేమన్నా అయితే మా వైపు నుంచి ఒక్క చెయ్యి కూడా రాదు. ఆలోచించుకునే అంటున్నావా?"

మూడు వారాలుగా తనను తినేస్తున్న మాట ఇంకొకరి నోట వినేసరికి పహువా గంప అంచు పట్టుకుంది.

"ఆలోచించుకునే అంటున్నాను, అత్తయ్యా."

సోమవారం అయిదున్నరకు కారు తీసింది. పక్క సీట్లో ఫోను మోగుతూనే ఉంది. ఒక ఎర్రలైటు దగ్గర వెనక్కి తిప్పడానికి ఇండికేటరు కూడా వేసింది. పచ్చలైటు పడింది. వెనక లారీ హారన్ కొట్టింది. తిప్పకుండా ముందుకే పోనిచ్చింది. అది ధైర్యమో, లారీకి భయపడటమో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

"పహువా వాంగ్."

"ఉన్నాను."

ఆ పూట పిలిచిన పేర్లు పంతొమ్మిది. పలికినవి పదిహేడు.

భోజనం వేళ ఫోను తెరిచే ధైర్యం రావడానికి పావుగంట పట్టింది. పొద్దుటి మిస్డ్ కాల్స్ కాక ఉన్నది మైసీ సందేశం ఒక్కటే. "ఒక గంప పలుకయింది. మూడు బాగున్నాయి. బావ చెయ్యి కాల్చుకున్నాడు. అత్తయ్య ఏమీ అనలేదు, తింది."

జూన్‌లో చదువు పూర్తి చేసింది పదిహేనుమంది. పహువా వాళ్లలో ఒకతె. ఇప్పుడు నర్సుగా గంటకు ముప్పయ్యొక్క డాలర్లు. పోయినవి: పదహారేళ్ల జమ, పెద్దకోడలన్న పేరు, నెంగ్‌తో రెండు నెలల మాటలు. తండ్రి ఇంకా బతికే ఉన్నాడు. రేపు ఆయన చావు హాలుకు ఎవరొస్తారో తేలలేదు, ఫోను మోగితే ఇప్పటికీ ముందు అది పుట్టింటిదా అని చూస్తుంది. వచ్చింది ఒక హాజరు. ఇంకా, తను లేకపోతే ఉడకదని పదహారేళ్లు నమ్మిన అన్నం తను లేకుండానే ఉడికింది, నాలుగు గంపల్లో మూడు.