రెండో సంతకం

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. ఒకప్పుడు బ్రిటన్ ప్రధానమంత్రిగా చేసిన ఆనర్ విథర్బీ, ఆమె భర్త క్లెమెంట్, ఇల్లు శుభ్రం చేసే డోరా, కాపలాకి ప్రభుత్వం పంపిన సార్జెంట్ పిమ్. కుక్క కూడా ఉంది గానీ, అది ఎవరి పక్షమూ కాదు.

పదవి పోయి రెండేళ్లయినా అలవాట్లు పోలేదు. వెన్న ఇంత త్వరగా ఎందుకు అయిపోయిందని, పొద్దున్నే టోస్టు దగ్గర ఆనర్ భర్తను ఆర్థికమంత్రిని నిలదీసినట్టు నిలదీస్తుంది. రాజీనామా చేసే వీలు లేక క్లెమెంట్ ఊరుకుంటాడు. అందుకే ఊరి కౌన్సిల్లో ఖాళీ అయిన ఒక్క స్థానానికి తను నిలబడతానని ఆమె అనగానే, నామినేషన్ పత్రం మీద మొదటి సంతకం ఆయనే గబగబా పెట్టేశాడు.

రెండో సంతకం ఊరి ఓటరు మరొకరు పెట్టాలి. నామినేషన్లకి ఆ రోజే ఆఖరు, పట్నంలో వాటిని తీసుకునే ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. అప్పటికే మూడు దాటింది. డోరా దుమ్ము తుడుస్తూనే కుదరదని చెప్పేసింది, ఆ స్థానానికే నిలబడింది ఆమె చెల్లెలు మరి. పిమ్‌కి ఈ ఊళ్లో ఓటు లేదు. ఇక మిగిలింది పక్కింటి టట్‌హిల్ మామ్మ. ఆనర్ ప్రభుత్వం ఆ ఊరి బస్సు ఎత్తేసినప్పటి నుంచి మామ్మ ఆమెతో మాట్లాడటం లేదు.

ఆనర్ వానలో వెళ్లి ఆ తలుపు ముందు నిలబడింది. ఐదు నిమిషాలైనా తలుపు తెరుచుకోలేదు. లోపల కెటిల్ ఈల వేయడం వినిపిస్తూనే ఉంది.

"ఎంత పంతం ఈవిడకి," అంది ఆనర్.

వెనక గొడుగు పట్టుకున్న పిమ్ చిన్నగా దగ్గాడు. "మేడమ్, తలుపు కొట్టాలి."

ప్రధానమంత్రి ఇంటి తలుపు, ఆమె మెట్టెక్కేసరికి లోపలివాళ్లే తీసేవారు. పదవిలో ఉన్న ఆరేళ్లలో ఒక్కసారి కూడా తలుపు కొట్టి ఎరగదు. ఇప్పుడు చెయ్యెత్తి, ఎవరి చెయ్యో అన్నట్టు, మెల్లగా రెండుసార్లు కొట్టింది.

తలుపు వెంటనే తెరుచుకుంది.

"ఎంతసేపు నిలబడతావో కిటికీలోంచి చూస్తున్నానమ్మా," అంది మామ్మ. "బస్సు కోసం మేమూ ఇలాగే నిలబడ్డాం."

ఆనర్ దగ్గర దానికి పార్లమెంటులో చెప్పిన జవాబు సిద్ధంగానే ఉంది. పత్రం మీద పడుతున్న చినుకులు చూసి ఆ జవాబు మింగేసింది. "తప్పు నాదే, మామ్మా," అంది.

మామ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. పత్రాన్ని తలుపుకే ఆనించి తీరిగ్గా సంతకం చేసింది. ఆనర్ ఈ మేలు మరిచిపోనని ఏదో అనబోయింది.

"మేలేంటి? ఇన్నాళ్లూ నువ్వు వేరే ఊళ్లో నిలబడి గెలిచేదానివి, నా ఓటు నీదాకా వచ్చేది కాదు. ఇప్పుడు నువ్వు పోటీలోనే లేకపోతే నిన్ను ఓడించేదెలా?"

పత్రం ఆమె చేతిలో పెట్టి, మామ్మ తలుపు వేసేసింది.