పళ్లు చూడని బేరం

నిడుగల్లు చుట్టుపక్కల ముత్యాలప్ప మందంత మంద ఎవరికీ లేదు. మూడు వందల గొర్రెలు! ఒక్కోదాన్నీ ముఖం చూసి పేరుతో పిలిచేవాడు. ఎనభై ఏడు కరువులో, మిట్టమధ్యాహ్నం, అంత మందనూ వదిలిపెట్టి శ్రీరామప్ప మేష్ట్రు ముందు నిలబడ్డాడు. పది పాసైన పిల్లలు ఆపైన ఏం చదవాలో చెప్పేది ఆ మేష్ట్రే. పక్కనే నిలబడ్డ కూతురు కెంచమ్మ కాలేజీ అర్జీకి ఆ రోజే ఆఖరు. దానిమీద మేష్ట్రు సంతకం కావాలి. కాలేజీ ఉన్న పావగడకు బస్సు రెండింటికి.

మేష్ట్రు ఆ అర్జీని పక్కకు నెట్టి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. అంతా నింపే ఉంది. పేరొక్కటే ఖాళీ.

"కుట్టుమిషను నేర్పించప్పా. మా బామర్ది బడే. ఈడ వేలిముద్ర వెయ్."

"బిడ్డ సైన్సు చదవల్లంటాది సామీ."

"గొర్రెలోళ్లకి సైన్సెందుకప్పా? మీ పిల్లోళ్లంతా ఒకటే. పోయినేడు మీ హట్టి గుడిసెల నుంచి నలుగుర్ని ఆడికే పంపిస్తి."

"ఆ నలుగురూ ఇప్పుడు యాడుండారు?"

"కరువు పనిలో రాళ్లు కొడతా ఉండారు నాయనా," అంది కెంచమ్మ. "దినానికి ఎనిమిది రూపాయలు."

"నోరు లేస్తా ఉండాదే దీనికి!" మేష్ట్రు సిరాదిండు విసిరినట్టు ముందుకు తోశాడు.

ముత్యాలప్ప బొటనవేలు సిరాకు అద్దాడు. ఎత్తాడు. ఆగాడు.

"సామీ, సంతలో గొర్రెపిల్లని కొనేటప్పుడు కూడా మూతి తెరిచి పళ్లు చూస్తా నేను. మీరు నా బిడ్డ మార్కుల కార్డు ఒక తూరైనా చూసినారా?"

కార్డు కెంచమ్మ చేతిలోనే ఉంది. లెక్కల్లో ఎనభై ఎనిమిది. ఇంతసేపూ అడిగినవాడు లేడు.

"గొర్రెలు కాసేటోడివి, నాకే బుద్ధులు చెప్తావా? నా సంతకం లేకుండా ఏ కాలేజీ గేటు తీస్తాదో నేనూ చూస్తా!"

"చూడండి సామీ. పళ్లు చూడని బేరం నాకొద్దు."

వేలిని కంబళికి తుడుచుకున్నాడు. కెంచమ్మ తన అర్జీని లాక్కుంది.

సంతకం లేని కాగితంతో ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. దూరంగా దుమ్ము లేచింది. బస్సుదో సుడిగాలిదో తెలియలేదు.

మూడు వందల గొర్రెలన్నది నేను కోసిన కోతే లెండి. ఆ కరువుకు మిగిలినవి పదకొండు. పదకొండింటిని పేరుతో పిలవడం గొప్పేమీ కాదు. కంబళి మీది నీలి మరక మాత్రం నేను కల్పించింది కాదు.