మూడో వంతెన దగ్గర దొర

కారు దిగకముందే మా అల్లుడు తీర్పు చెప్పేశాడు. "ఇదే ఆఖరిసారి. ఇవాళ కూడా దొర ఆ మూడో వంతెన దగ్గర మొండికేస్తే, ఇకమీదట పక్కింటివాళ్ల దగ్గర వదిలేసి వద్దాం. దీని పుణ్యమా అని మూడేళ్లుగా పై మడుగు మొహం చూడలేదు మనం."

దొర మా కుక్క. బరువు ముప్ఫై కిలోలు. ఎవరో ఒకరు లేచి తలుపు తీసేదాకా గుమ్మం ముందు కూర్చుని ఎదురుచూడటం దాని అలవాటు. ఆ పేరు అలా స్థిరపడింది.

"దొర రాకపోతే నేనూ రాను," అంది మా మనవరాలు, బూట్ల తాళ్లు బిగిస్తూ. "ఎప్పటికీ రాను. కావాలంటే రాసిస్తా."

దానికి పదేళ్లు. కంటపడిన ప్రతిదానికీ కారణం అడుగుతుంది కనుక ఇంట్లో అందరూ ఎందుకమ్మ అంటారు.

"రాసివ్వడం తర్వాత, ముందు నీళ్ల సీసా అందుకో," అంది మా అమ్మాయి.

ఆరుగురం బయలుదేరాం: అల్లుడు, అమ్మాయి, ఎందుకమ్మ, దాని ఆరేళ్ల తమ్ముడు, అల్లుడి తల్లి అయిన మా వియ్యపురాలు, నేను. వాగు వెంబడే కాలిబాట పైకి సాగుతుంది. మడుగు చేరేలోగా వాగును మూడుచోట్ల దాటాలి. మొదటిసారి వచ్చినప్పుడు దొర మూడింటినీ పరుగున దాటింది. రెండోసారి నుంచి మూడో వంతెన మీద అడుగు పెట్టలేదు.

ఇందుకు మా ఇంట్లో రెండు వివరణలు చలామణిలో ఉన్నాయి. అక్కడ ఎవరో జారిపడి చనిపోయారనీ, మనుషులకు కనిపించనిది కుక్కలకు కనిపిస్తుందనీ వియ్యపురాలి మాట. ఎవరు చనిపోయారో, ఎప్పుడో ఆవిడకూ తెలియదు. నీటి హోరుకు కుక్క జడుస్తోందని నా మాట. ముప్ఫై ఒక్క సంవత్సరాలు నీటి పరీక్షల ల్యాబులో పనిచేసినవాణ్ని. భోజనాల బల్ల దగ్గర నేను ఆ మాట అన్నప్పుడు ఎవరూ రుజువు అడగలేదు. నేనూ అడగలేదు.

మొదటి వంతెన రెండు దుంగలు కలిపి కట్టినది. కింద నీళ్లు బండల మీద పడే చప్పుడుకు పక్కవాడి మాట కూడా అరిస్తే తప్ప వినిపించదు. దొర నాలుగు అంగల్లో అవతల ఉంది. ఎందుకమ్మ మాత్రం దుంగల నడిమధ్య ఆగిపోయి వెనక్కి తిరిగి అరిచింది.

"తాతయ్యా! చప్పుడు ఇక్కడ ఎక్కువా, మూడో దగ్గర ఎక్కువా?"

"ఇక్కడే."

"మరి?"

"ముందు అవతలికి నడు, పడతావు," అన్నాను.

వియ్యపురాలు నవ్వు దాచుకోలేదు. "మీ లెక్క తప్పినట్టుంది అన్నయ్యగారూ."

"తప్పింది చెల్లెమ్మా. అంతమాత్రాన మీది ఒప్పైపోదు."

రెండోచోట వరుసగా రాళ్లే ఉన్నాయి, అయినా మా లెక్కలో అదీ వంతెనే. మేము రాళ్ల మీద తూలుతుంటే దొర పక్కనే హాయిగా ఈదుకుంటూ వచ్చింది.

మూడోది ఇనుప జాలీ పరిచిన వంతెన. పొడవు తొమ్మిది మీటర్లు, ఇద్దరు పక్కపక్కన కష్టంగా పట్టేంత వెడల్పు. దొర అంచుదాకా వచ్చి, ఇనుమును వాసన చూసి కూర్చుంది. అల్లుడు గొలుసు లాగాడు. కుక్క బండరాయి అయింది. పిల్లవాడు వంతెన మీదికి బిస్కెట్టు విసిరాడు. అది జాలీ కన్నంలోంచి జారి నీళ్లలో పడింది.

"వాగు తినేసింది," అన్నాడు వాడు దిగులుగా.

ఎందుకమ్మ ఒక పుల్ల తీసి వంతెన కిందికి విసిరింది. దొర దిగివెళ్లి, ఆ నీడలోనే తీరిగ్గా నీళ్లు తాగి, పుల్లతో తిరిగొచ్చింది. అవతలి ఒడ్డు నిట్టనిలువు బండ. లేకపోతే అటే ఎక్కేసేదేమో.

"నానమ్మా, నీ దయ్యం కింద ఉండదా? పైనే ఉంటుందా?"

"నన్నడుగుతావేంటే? దాని అడ్రసు నా దగ్గరుందా?"

ఎందుకమ్మ బూట్లు, మేజోళ్లు విప్పేసి, కుక్కలా చేతులూ కాళ్లూ ఆనించి వంతెన మీద పాకడం మొదలుపెట్టింది. రెండు మీటర్లు పోయిందో లేదో "అబ్బా!" అంది. వెనక్కి వచ్చి అరచేతులు నా ముందు చాపింది. నిండా చతురస్రాల అచ్చులు.

"చిటికెన వేలు కన్నంలోకి దిగిపోయింది తాతయ్యా. నువ్వూ చూడు."

మోకాళ్లు వద్దంటున్నా వంగాను. దళసరి అట్టల బూట్లతో ఎన్నిసార్లో దాటిన వంతెన అది. ఒక్కసారీ చేత్తో తాకి చూడలేదు. కన్నం రెండు వేళ్ల వెడల్పుంది. కుక్క వేలూ గోరూ సరిగ్గా దిగుతాయి.

మా అమ్మాయి నర్సు. దొర ముందు కాలు ఒళ్లోకి తీసుకుని వేళ్లు విడదీసి చూస్తూ అంది: "నాన్నా, ఈ గోరు మొదలుదాకా చీలితే నేను కట్టు కట్టాను, గుర్తుందా? దొరతో మనం మొదటిసారి ఇక్కడికొచ్చి వెళ్లిన మర్నాడే."

దీన్ని రుజువు అనలేను. కాని అంతకుముందు మా దగ్గరున్న రెండింటికంటే మెరుగైనది.

అల్లుడు దొరను ఎత్తుకోబోయాడు. అది గింజుకుంటే ఇద్దరూ ఒకవైపే ఉన్న కమ్మీ మీద పడ్డారు. "ఇద్దరూ వాగులో పోతారు, దింపు," అని కసిరింది మా అమ్మాయి. అతను గడియారం చూసుకున్నాడు. "పన్నెండైంది. వెనక్కి వెళ్దామా మరి?"

"వద్దు," అంది ఎందుకమ్మ. కూర్చోవడానికి తెచ్చిన దుప్పటి సంచిలోంచి లాగింది. "తాతయ్యా, కోటు."

అది అడగడం కాదు. విప్పి ఇచ్చాను.

దుప్పటి రెండు మీటర్లు, కోటు ఒక మీటరు. దుప్పటి మీద కుక్క నిలబడితే ముందు కోటు పరవాలి. కోటు మీదికి వచ్చాక వెనకున్న దుప్పటి ముందుకు తేవాలి. మొదటి ప్రయత్నంలో గాలికి దుప్పటి అంచు లేచింది, దొర వెనక కాలు కన్నంలో పడింది. అది ఒక్క గెంతులో ఒడ్డుకు వచ్చేసింది.

"మళ్లీ," అంది ఎందుకమ్మ.

ఈసారి దుప్పటి అంచుల్ని మా అమ్మాయీ వియ్యపురాలూ మోకాళ్లతో అదిమిపట్టారు, కోటును నేను. నేను నోరు విప్పకముందే వియ్యపురాలు అంది: "ఏమీ అనకండి అన్నయ్యగారూ. దయ్యమొస్తే మిమ్మల్నే ముందు చూపిస్తా."

"దొరగారికి తివాచీ అయింది. వింజామర ఒక్కటే తక్కువ," అన్నాడు వెనక గొలుసు వదులుగా పట్టుకున్న అల్లుడు.

తమ్ముడు అవతలి ఒడ్డున బిస్కెట్ల పొట్లంతో సిద్ధంగా ఉన్నాడు. ఎందుకమ్మ కుక్క మొహానికి మొహం పెట్టి, నాలుగు కాళ్ల మీద వెనక్కి వెనక్కి పాకింది. దుప్పటి, కోటు, మళ్లీ దుప్పటి. వంతెన సగంలో దొర ఆగి వణికింది. ఎవరూ లాగలేదు. ఎందుకమ్మ అక్కడే కూర్చుని ఎదురుచూసింది, గుమ్మం ముందు దొర కూర్చున్నట్టే. కొంతసేపటికి కుక్క కోటు మీద కాలు వేసింది. చివరి మీటరు ఎవరి సాయమూ లేకుండా గెంతి, పొట్లంలో మూతి పెట్టేసింది.

అల్లుడు గొలుసు చుట్టుకుంటూ కూతురికేసి చూశాడు. "వచ్చేసారి పొడుగు తివాచీ ఒకటి తెద్దాంలే."

కోటు కోసం చెయ్యి చాపాను. బురద అచ్చులతో సహా అది అప్పటికే ఎందుకమ్మ నడుముకు కట్టుంది.

"ఇప్పుడే ఇవ్వను తాతయ్యా. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ దాటాలిగా."

గాలి చల్లగా ఉంది. ఒంటి చొక్కాతోనే మడుగుదాకా నడిచాను.