ఆమె పేరున్న కార్డు

మూత సరిగ్గా బిగించని మలం డబ్బా ఒకటి చేతి తొడుగుల మీద ఒలికిన సమయానికే ఆమె కోటు జేబులో ఫోను మోగింది. ఎవరో ఆమెకు చూడకుండానే తెలుసు. పని వేళలో ఊరికే పలకరిద్దామని ఫోను చేసేవాళ్ళు ఆమెకు ఎవరూ లేరు. తొడుగులు విప్పి సంచిలో పడేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని ఫోను తీసేసరికి అది ఆగిపోయి మళ్ళీ మోగుతోంది.

"ఎంతసేపే? ఓటీపీ వచ్చుంటుంది, చెప్పు," అన్నాడు భర్త.

"శాంపిళ్ళ దగ్గరున్నానండీ."

"అవెక్కడికి పోతాయి, అక్కడే ఉంటాయి. టైమైపోతోంది, చెప్పు ముందు."

చెప్పింది. ఏం కొంటున్నాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. పక్కనే ఒక ముసలాయన చేతికి రబ్బరు పట్టీ కడుతున్న సూదక్క తలెత్తకుండానే, "ఇంతకీ నువ్వు మీ ఆయనకి పెళ్ళానివా, మెసేజివా?" అంది. ల్యాబ్‌లో రక్తం తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి కనుక ఆవిడకు ఆ పేరు పడిపోయింది. మాట కూడా అలాగే సూటిగా దిగుతుంది. ఆమె నవ్వేసింది. నవ్వేస్తే మాట అక్కడితో తెగిపోతుందని ఆమెకు కాపురం నేర్పింది.

ఆ ఓటీపీలు వచ్చే క్రెడిట్ కార్డు ఆమె మొదటి ఉద్యోగంలో తీసుకున్నది. కొత్తగా సంపాదనలో పడ్డవాళ్ళకు బ్యాంకు కాస్త జాలిపడి, కాస్త అనుమానపడి ఇచ్చే చిన్న కార్డు. పరిమితి ఎంత చిన్నదంటే, దానితో ఒక మంచి బూట్ల జత కొంటే ఇక నెలంతా దాన్ని పర్సులో పడుకోబెట్టాల్సిందే. ఆమె మొదట కొన్నది అదే, ల్యాబ్‌లో వేసుకోవడానికి వేళ్ళు మూసుండే బూట్లు. నెలాఖరున బాకీ కట్టేసి మెసేజి చూసుకున్న రోజు, ఎవరో పెద్దమనిషి "శభాష్" అని భుజం తట్టినట్టు అనిపించింది. పెళ్ళయ్యాక కార్డు కూడా ఆమెతోపాటే కాపురానికి వచ్చింది. వచ్చిన కొత్తలోనే దాని నంబరు భర్త ఫోనులో చేరింది, తర్వాత ఆడపడుచు ఫోనులో చేరింది, తర్వాత ఇంటిసరుకుల యాప్‌లన్నిటిలోనూ చేరింది. వాటిలో కొన్ని ఓటీపీ కూడా అడగవు. పరిమితి పెంచుతామని బ్యాంకు అడిగినప్పుడల్లా "సరే" నొక్కింది భర్త వేలే. గడువు తీరి కొత్త కార్డు కొరియర్‌లో వస్తే కవరు చింపిందీ ఆయనే. బిల్లు మాత్రం ఆమె జీతంలోంచి పోతుంది. "నీ జీతం నీ కార్డుకే కదా పోయేది, నేనేమన్నా ముట్టుకుంటున్నానా?" అంటాడు, తన ధర్మబుద్ధికి తనే మురిసిపోతూ. ఆడపడుచు ఇంటికి కర్టెన్లు, మామగారి మోకాలికి పట్టీ, స్నేహితుడి కొడుక్కి సైకిలు, అన్నీ దాని మీదే. మెప్పంతా ఆయనకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు పెద్దలు. పెళ్ళాం సొమ్ముకు సామెత కూడా దండగనుకున్నారు కాబోలు.

మూసేస్తానని ఆమె ఒకసారి అంది. "పిచ్చా నీకు? పాత కార్డు బంగారం. అది మూసేస్తే బ్యాంకు దృష్టిలో నువ్వు ఇవాళే పుట్టినట్టు. రేపు అవసరమొస్తే నిన్ను నమ్మి ఎవడూ పైసా ఇవ్వడు," అన్నాడు. అందులో అబద్ధం లేదు, అందుకే ఆగిపోయింది. ఒక్క నెల కూడా గడువు దాటనివ్వకుండా కూడబెట్టుకున్న నమ్మకం అది. ఇల్లు ఆయన పేరు మీద, బండి ఆయన పేరు మీద, కరెంటు మామగారి పేరు మీద. ఆ వేలెడంత ప్లాస్టిక్ ముక్క మీదే ఆమె పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంది. మూస్తే పేరు పోతుంది, ఉంచితే జీతం పోతుంది. ఎటూ తేల్చుకోలేక ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

ఇక ఆ జీతం తెచ్చే ఉద్యోగానికి ఇంట్లో ఉన్న మర్యాద వేరు. "మా కోడలు హాస్పిటల్లో చేస్తుంది," అని బయట గొప్పలు పోయే అత్తగారు, గుమ్మం లోపల దాన్ని "ఆ కంపు పని" అంటుంది. సాయంత్రం ఆమె తలుపు తీయగానే, "అమ్మాయ్, దేన్నీ ముట్టుకోకు!" అని లోపల్నించి కేక. బ్యాగు చెప్పుల స్టాండు మీద, మనిషి నేరుగా బాత్రూంలో. స్నానమయ్యాక మాత్రం అవే చేతులు వంటకు పనికొస్తాయి, అత్తగారి కాళ్ళు పట్టడానికి పనికొస్తాయి. ఆమె తెల్లకోటు ఇంటి వాషింగ్ మెషిన్‌లో పడకూడదు. బకెట్లో నానబెట్టి, చేత్తో ఉతికి, అందరి బట్టలకూ ఎడంగా ఆరేసుకోవాలి. చుట్టాలు వస్తే భర్త కాలు మీద కాలేసుకుని, "మా ఆవిడకి ఊరందరి ఉచ్చ గురించీ తెలుసు, మొగుడి మనసు గురించే తెలీదు," అని జోకు వేస్తాడు. అందరూ పడిపడి నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. తర్వాత గిన్నెలు తోముకుంటూ ఆ నవ్వు తలుచుకుంటే రోత పుడుతుంది. విచిత్రమేమిటంటే, ల్యాబ్‌లో ఏ డబ్బా మూత తీసినా ఆమెకు ఎన్నడూ రోత పుట్టలేదు. అది రోగం వాసన. దానికొక కారణం ఉంటుంది, దాన్ని తీసుకొచ్చిన మనిషి ముఖంలో సిగ్గూ భయమూ ఉంటాయి. ఇంట్లోవాళ్ళ ముఖాల్లో అలాంటివేమీ ఉండవు.

భోజనాల వేళ మెసేజి తీరిగ్గా చదివింది. వాషింగ్ మెషిన్ల దుకాణం, వాయిదాల పద్ధతి. ఆమె గుండె ఒక్కసారి తేలికైంది. ఆదివారం తన పుట్టినరోజు. ఇంట్లో మెషిన్ పాతబడి గోల చేస్తోంది. కొత్తది పెద్దది వస్తుంది, అందరి బట్టలతోపాటు తన కోటు కూడా అందులో గిరగిరా తిరుగుతుంది. అడక్కుండానే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందా! డబ్బు తనదైతేనేం, తట్టింది ఆయనకే కదా అని మురిసిపోయి సూదక్కకు కూడా చెప్పింది.

"రానీ, చూద్దాం," అంది సూదక్క.

ఆదివారం పొద్దున ఇద్దరు మనుషులు ఒక పెట్టెను మోసుకొచ్చి గుమ్మం బయట ఆనించారు. పిల్లలు ఆడుకునే సామానులా ఇంతే ఉంది. దానికి గులాబీరంగు రిబ్బను కూడా కట్టించాడు భర్త. "హ్యాపీ బర్త్‌డే! ఎలా ఉంది?" అన్నాడు, పెళ్ళికొడుకులా నిలబడి.

"మరీ ఇంత చిన్నదా? ఇంట్లో అందరికీ ఎలా సరిపోతుందండీ?"

"అందరికీ ఎందుకు? ఇది నీ ఒక్కదానికే."

వెనకనుంచి అత్తగారు ముందుకొచ్చింది. "వెనక బాల్కనీలో పెట్టించరా, వంటింటి వైపు వద్దు. ఇకమీదట నీ ల్యాబ్ గుడ్డలు అందులో వేసుకో అమ్మాయ్. ఆ బకెట్టు బాత్రూంలో చూస్తేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నేనే చెప్పా వీడికి, దాని పాపాన దానికి విడిగా ఒకటి కొనిపడెయ్యరా అని."

"చేత్తో ఉతుక్కునే బాధ తప్పుతుందిగా," అన్నాడు భర్త, కృతజ్ఞత కోసం చూస్తూ.

ఆమె పెట్టె వైపు చూసింది. తనను వెలివేసే సామాను తన జీతంతోనే, తన పేరుతోనే, తను పని ఆపి చేతులు కడుక్కుని చెప్పిన అంకెలతోనే ఇంటికొచ్చింది. పైగా రిబ్బను కట్టుకుని వచ్చింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది, రాలేదు. వచ్చింది అసహ్యం. నములుతున్న ముద్దలో వెంట్రుక తగిలితే ఒళ్ళంతా ఎలా ముడుచుకుంటుందో అలా ముడుచుకుంది. వీళ్ళు ఒక చేత్తో ముక్కు మూసుకుంటూనే రెండో చేత్తో ఇన్నాళ్ళూ తన పర్సు తడుముతున్నారు. ఆ కంపు పని చేసొచ్చిన మనిషికి రోజూ స్నానం చేయించారు గానీ, ఆ కంపు పని తెచ్చిన డబ్బుకు ఒక్కరోజన్నా స్నానం చేయించలేదే! ఛీ అనుకుంది. ఇంతకాలం నవ్వుతూ నిలబడ్డందుకు తనను కూడా కలుపుకునే అనుకుంది.

"మేడమ్, మీ ఫోనుకి డెలివరీ ఓటీపీ వచ్చుంటుంది. చెప్తే లోపల పెట్టేస్తాం," అన్నాడు మోసుకొచ్చిన మనిషి.

భర్త అలవాటుగా ఫోను కోసం చెయ్యి చాపాడు.

"చెప్పను," అంది ఆమె.

"ఏంటీ?"

"చెప్పనండీ. మీరు వెనక్కి తీసుకెళ్ళిపోండి బాబూ, వద్దన్నారని రాసుకోండి."

భర్త ముఖం కందగడ్డలా అయింది. "ఏంటా మాటలు, బయటివాళ్ళ ముందు?"

"మీ జోకులన్నీ బయటివాళ్ళ ముందే కదండీ."

ఆ ఇద్దరూ ముఖముఖాలు చూసుకుని పెట్టె మళ్ళీ భుజాలకెత్తుకున్నారు. "పుట్టినరోజు పూట ఏం మాయరోగమొచ్చింది దీనికి," అని అత్తగారు సణుగుతూ లోపలికి పోయింది. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అలా మాట్లాడకపోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆమెకు అంతకుముందు తెలియదు.

మెషిన్ డబ్బు వెనక్కి పడిందని మెసేజి వచ్చాక, మిగిలిన బాకీ అంతా కట్టేసి, ల్యాబ్ మెట్ల మీద కూర్చుని కార్డువాళ్ళకు ఫోను చేసింది. అవతల గొంతు చిన్నపిల్లది, మర్యాదంతా బట్టీపట్టినట్టుంది.

"మేడమ్, ఇది చాలా పాత కార్డు. మూసేస్తే మీ ఇన్నేళ్ళ చరిత్ర పోతుంది. కావాలంటే నంబరు మార్చి ఇదే మళ్ళీ పంపిస్తాం. ఒక్కసారి ఆలోచించండి."

ఆలోచించింది. భయం వేయలేదా అంటే వేసింది. రేపు తనకంటూ ఒక గది కావాలన్నా, ఒక అప్పు కావాలన్నా ఆ ఏళ్ళు సాక్ష్యం చెప్పేవి. కానీ ఆ చరిత్రలో తనదేముంది? ఒక బూట్ల జత ఉంది. మిగతాదంతా కర్టెన్లు, పట్టీలు, సైకిళ్ళు, పరులకు చేసిన దానాలు. నంబరు మార్చితే కొత్త నంబరుకు అలవాటు పడతారు, అంతే. కార్డు పాతదైనకొద్దీ దాని మీద వాళ్ళ హక్కు కూడా పాతబడి గట్టిపడింది. అది తనకు పరువే కావచ్చు, కానీ అందరూ చేతులు తుడుచుకున్న పరువు. అది తలుచుకుంటేనే మళ్ళీ ఒళ్ళు ముడుచుకుంది.

"మూసేయండి," అంది.

కాసేపు మీటల చప్పుడు వినిపించింది. "మూసేశాం మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"కావాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఇస్తారే, అన్నిటికంటే చిన్న కార్డు. అదొకటి ఇవ్వండి."

"అయ్యో, మీ జీతానికి పెద్దదే వస్తుంది మేడమ్, అంత చిన్నదెందుకు?"

"పెద్దదైతే అందరూ ఎక్కేస్తారమ్మా. నా ఒక్కదానికి సరిపోయేంత చాలు."

ఆ పిల్ల ఫక్కున నవ్వి, నవ్వినందుకు సారీ చెప్పింది. "అలాగే మేడమ్. కార్డు మీ ఇంటి అడ్రసుకే పంపమంటారా?"

ఆమె తలుపు సందులోంచి లోపలికి చూసింది. మధ్యాహ్నం డబ్బాలు వచ్చి బల్ల మీద వరసగా కూర్చున్నాయి.

"ఇంటికొద్దమ్మా, అక్కడ శుభ్రం తక్కువ," అంది. "ల్యాబ్‌కి పంపండి."